బొమ్మ ముందు ఎంతసేపు?

సాలార్‌జంగ్ మ్యూజియంలో సంగీత గడియారం గంట కొట్టే వేళకు జనం ఎలా పోగవుతారో హైదరాబాద్ చూసినవాళ్లందరికీ తెలుసు. ఇంకా కొన్ని నిమిషాలుందనగానే కూర్చునే చోట్లన్నీ నిండిపోతాయి. గడ్డపు బొమ్మ ఒకటి బయటికొచ్చి, గంట మోగించి, లోపలికి వెళ్లిపోయేదాకా ఎవరూ కదలరు. ఆ జనమే మిగతా గదుల్లో శిల్పాలనూ వర్ణచిత్రాలనూ దాదాపు నడక ఆపకుండానే దాటేస్తారు. ఆగినా ఫోన్ తీసి ఒక ఫొటో కొట్టేంతసేపే. ఇది చూసి మనవాళ్లకు కళాభిరుచి లేదని పెదవి విరవడం తేలిక. కానీ ఓపిక లేని మనిషి గడియారం ముందు మాత్రం ఎందుకు కూర్చుంటాడు? అక్కడ ఏదో జరగబోతోందని అతనికి తెలుసు. కదలని బొమ్మలో కూడా ఏదో జరుగుతుందనీ, అది జరగాలంటే తానూ కొంత పని చెయ్యాలనీ అతనికి ఎవరూ చెప్పలేదు. కళాఖండాలను నిదానంగా చూడడం గురించి పాతికేళ్లుగా సాగుతున్న చర్చను ఒకచోట పెట్టి చూస్తే తేలే సంగతి ఇదే. చూసేవాడి దగ్గర ప్రశ్న ఉంటే సమయం దానంతటదే దొరుకుతుంది. ప్రశ్న లేనప్పుడు గంటసేపు నిలబెట్టినా కాళ్లు పీకడం తప్ప ఒరిగేదేమీ ఉండదు.

ఈ చర్చకు ఊపు తెచ్చినవి కొన్ని కొలతలు. జెఫ్రీ స్మిత్, లీసా స్మిత్ అనే పరిశోధకులు న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో 150 మంది సందర్శకులు ఆరు ప్రఖ్యాత చిత్రాల ముందు ఎంతసేపు ఆగుతున్నారో లెక్కకట్టి 2001లో ప్రచురించారు. సగటున 27 సెకన్లు. కొద్దిమంది ఎక్కువసేపు నిలబడి ఆ సగటును పైకి లాగారు గాని, సగం మంది 17 సెకన్లకు మించి లేరు. పక్కనున్న చీటీ చదువుకున్న సమయం కూడా ఇందులో కలిసే ఉంది. 2017లో ఇదే బృందం మరో పరిశోధకుడితో కలిసి చికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో 456 పరిశీలనలతో మళ్లీ లెక్క తీసింది. సగటు 28.6 సెకన్లు, మధ్యస్థం 21. ఈ రెండు లెక్కల మధ్య స్మార్ట్‌ఫోన్ వచ్చింది. చికాగోలో మూడో వంతు మంది కళాఖండంతో సెల్ఫీ కూడా దిగారు. అయినా ఆగే సమయంలో చెప్పుకోదగ్గ మార్పు లేదు. తప్పంతా ఫోన్ మీదికి నెట్టేసేవాళ్లు ఈ అంకెలను ఒకసారి చూసుకోవాలి. ఫోన్ రాకముందూ మనిషి అర నిమిషం కన్నా తక్కువే చూశాడు. అయితే స్టాప్‌వాచ్ చెప్పిందే పూర్తి నిజమూ కాదు. జర్మన్ పరిశోధకుడు క్లాస్ క్రిస్టియన్ కార్బన్, చిత్రకారుడు గెర్హార్డ్ రిక్టర్ చిత్రాల ప్రదర్శనలో గమనించినప్పుడు, దాదాపు సగం మంది చూసి వెళ్లిన బొమ్మ దగ్గరికి మళ్లీ వెనక్కి వచ్చారు. అలా తిరిగి వచ్చి చూసే చూపు ఒక్క నిలుపునే కొలిచే లెక్కల్లో సరిగా పడదు.

ఈ తొందరకు విరుగుడుగా నిదానపు చూపును ప్రచారం చేసినవాళ్లలో హార్వర్డ్ కళాచరిత్ర ఆచార్యురాలు జెన్నిఫర్ రాబర్ట్స్ పేరు ముందు చెప్పుకోవాలి. పరిశోధన పత్రం రాయబోయే విద్యార్థి తాను ఎంచుకున్న కళాఖండం ముందు మూడు గంటలు గడపాలని ఆమె నియమం. ఆ పని తానూ చేసి చూపించారు. బోస్టన్ మ్యూజియంలో జాన్ సింగిల్టన్ కోప్లీ 1765లో వేసిన చిత్రం ఒకటుంది. అందులో ఒక కుర్రాడు ఎగిరే ఉడుతను గొలుసుతో పట్టుకుని బల్ల దగ్గర కూర్చుని ఉంటాడు. కుర్రాడి చెవి ఆకారమే ఉడుత పొట్ట మీది బొచ్చులో మళ్లీ ఉందని కనిపెట్టడానికి ఆమెకు తొమ్మిది నిమిషాలు పట్టింది. గొలుసు పట్టిన వేళ్ల మధ్య ఎడం కింద ఉన్న నీళ్ల గ్లాసు వెడల్పుతో సరిపోతుందని తెలియడానికి 21 నిమిషాలు, వెనక తెర ముడతల్లోనూ ఆ చెవీ కన్నూ ఆకారాలు దాగున్నాయని తెలియడానికి 45 నిమిషాలు. మరోవైపు చరిత్రకారుడు టి.జె. క్లార్క్ 2000లో లాస్ ఏంజెలెస్‌లోని గెట్టీ మ్యూజియంలో ఫ్రెంచ్ చిత్రకారుడు పూసాఁ చిత్రాలు రెండింటిని నెలల తరబడి రోజూ వెళ్లి చూసి, ఏ రోజు ఏం కనబడిందో రాసుకున్నాడు. ఆ రాతలే 2006లో పుస్తకమయ్యాయి. మామూలు సందర్శకుల కోసం 'స్లో ఆర్ట్ డే' ఏటా ఏప్రిల్‌లో అనేక దేశాల్లో జరుగుతోంది. నాలుగైదు కళాఖండాలను ఒక్కోదాన్ని ఐదు పది నిమిషాలు చూసి, ఆ తర్వాత కూర్చుని మాట్లాడుకోవడం దాని పద్ధతి.

వీటన్నింటినీ పైపైన చదివితే సమయమే మందు అనిపిస్తుంది. జాగ్రత్తగా చదివితే అలా ఉండదు. రాబర్ట్స్ మూడు గంటలూ ఊరికే కూర్చోలేదు. కనబడినదాన్ని రాసుకుంటూ, ఇది ఇక్కడ ఎందుకుందని అడుగుతూ కూర్చున్నారు. కంటి కదలికల మీద రష్యన్ శాస్త్రవేత్త ఆల్‌ఫ్రెడ్ యార్బస్ చేసిన ప్రయోగం ఇక్కడ గట్టి సాక్ష్యం. 1967లో ఇంగ్లీషులోకి వచ్చిన ఆయన పుస్తకంలో, ఇల్యా రేపిన్ చిత్రాన్ని చూస్తున్న ఒక వ్యక్తి చూపు ఎక్కడెక్కడ తిరిగిందో గీతలుగా చూపించారు. చాలాకాలం తర్వాత ఇంటికి వచ్చిన మనిషిని చూసి కుటుంబం నివ్వెరపోవడం ఆ చిత్రంలోని సందర్భం. ఏ ప్రశ్నా లేకుండా చూడమంటే చూపు ఒకలా తిరిగింది. వీళ్ల వయసులెంతో చెప్పమంటే ముఖం నుంచి ముఖానికి దూకింది. ఈ కుటుంబం కలిగినదా పేదదా చెప్పమంటే బట్టల మీదికి, సామాను మీదికి పోయింది. బొమ్మ అదే, కళ్లూ అవే, ప్రశ్న మారేసరికి చూపు దారే మారిపోయింది. ప్రయోగం జరిగింది ఒక్క మనిషి మీదే అన్నది నిజమే. తర్వాత ఎక్కువమందితో చేసిన పరీక్షలు కూడా మొత్తం మీద ఈ మాటనే బలపరిచాయి.

తెలుగునేల మీద పుట్టిన ఒక శిల్పంతో దీన్ని పరీక్షించవచ్చు. చెన్నై ప్రభుత్వ మ్యూజియంలోని అమరావతి శిల్పాల్లో నలగిరి ఏనుగు కథను చెక్కిన గుండ్రటి ఫలకం ఉంది. క్రీస్తుశకం రెండో శతాబ్దానిది, పల్నాటి సున్నపురాయి. మొదటి చూపుకు ఒక ఏనుగు, చుట్టూ కిక్కిరిసిన జనం, అంతే. ఎన్ని ఏనుగులున్నాయని అడిగితే రెండోది బయటపడుతుంది. ఎడమపక్క నగరద్వారం నుంచి మదమెక్కి వీధిలోకి దూసుకొస్తున్నది ఒకటి, కుడిపక్క మోకరిల్లి తల వంచినది ఒకటి. రెండు ఏనుగులెందుకని అడిగితే అవి రెండు కావనీ, ఒకే ఏనుగు రెండు క్షణాల్లో కనబడుతోందనీ తెలుస్తుంది. బుద్ధుడంటే గిట్టని దేవదత్తుడి కుట్రతో రాజగృహం వీధుల్లోకి వదిలిన ఏనుగు బుద్ధుడి ఎదుటికొచ్చి శాంతించడం ఇందులోని కథ. ఒకే చట్రంలో, మధ్యలో గీత లేకుండా, శిల్పి కాలాన్ని ఎడమ నుంచి కుడికి నడిపించాడు.

ఇప్పుడు మనుషులను చూడాలి. ఎడమపక్క శరీరాలన్నీ వంగి, మెలితిరిగి, ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. భయపడిన ఒక స్త్రీ పక్కవాళ్లను గట్టిగా పట్టుకుంది. కుడిపక్కకు వచ్చేసరికి బుద్ధుడూ వెనకున్న భిక్షువులూ నిట్టనిలువుగా నిలబడి ఉన్నారు. గోల నుంచి నిశ్శబ్దానికి మారడం ఏనుగు ఒక్కదానిలోనే లేదు, చుట్టూ ఉన్న గీతల్లోనూ ఉంది. వంకర గీతలు పోయి నిలువు గీతలు వస్తాయి. పైన మేడల కిటికీల్లోంచి కొందరు కిందికి చూస్తున్నారు. వాళ్లకు కథలో పనేమీ లేదు, చూడడమే పని. చూసేవాళ్లను కూడా శిల్పంలోనే పెట్టిన ఆ శిల్పి, ఈ సంఘటనకు సాక్షులుండాలని అనుకున్నాడన్నమాట. ఇన్ని సంగతులు బయటపడడానికి మూడు గంటలు అక్కర్లేదు. పది పన్నెండు నిమిషాలు చాలు. కాకపోతే ఎన్ని ఏనుగులు, ఎందుకు రెండు, ఎవరు ఎటు వంగారు అనే ప్రశ్నలు ఆ నిమిషాల్లో ఒకదాని వెంట ఒకటి రావాలి.

సాలార్‌జంగ్‌లోని ముసుగు రెబెక్కా కూడా ఇలాంటి పరీక్షకే నిలుస్తుంది. ఇటలీ శిల్పి జొవాన్నీ మరియా బెంజోనీ చెక్కిన ఈ పాలరాతి విగ్రహాన్ని మొదటి సాలార్‌జంగ్ 1876లో రోమ్‌లో కొన్నారు. రాయి పలచటి బట్టలా కనబడడం చూసి 'అబ్బ, ఎలా చెక్కాడో' అని వెళ్లిపోవడమే మామూలుగా జరిగేది. ఆ ఆశ్చర్యంలోనే 'ఎలా' అనే మాట ఉంది. దాన్ని నిజంగా అడిగితే చాలు. ముసుగు వెనక ముఖం ఉన్నట్టు కనబడుతుంది గాని, అక్కడున్నది ఒకే రాయి, ఒకే ఉపరితలం. కనుబొమలను, ముక్కును, పెదవులను శిల్పి కాస్త మెత్తగా, అంచులు మొద్దుబార్చి చెక్కి, వాటి మీదుగా సన్నటి ముడత గీతలను వాలుగా నడిపించాడు. ముడత ముఖం గీతను దాటి వెళ్లిన ప్రతిచోటా మన కన్ను రెండు పొరలున్నాయని తీర్మానించుకుంటుంది. బట్టను తయారు చేసింది ఉలి ఒక్కటే కాదు, మన చూపు కూడా. ఈ సంగతి ఆ విగ్రహం ముందు నిలబడి, కన్ను మోసపోతున్న చోట్లు వెతికితేనే తెలుస్తుంది.

ఇక ఆక్షేపణలకు వద్దాం. గొప్ప కళ మొదటి చూపులోనే పట్టేస్తుంది, ఎక్కువసేపు చూస్తే ఏ బొమ్మైనా అలవాటై నచ్చేస్తుంది, ఇందులో లోతేమీ లేదని కొందరంటారు. ఇందులో సగం నిజం. ఒక దృశ్యం మొత్తం స్వరూపం కంటికి రెప్పపాటులో అందుతుంది. పదే పదే కనబడిన బొమ్మ మీద ఇష్టం పెరుగుతుందని అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త జేమ్స్ కటింగ్ ఇంప్రెషనిస్టు చిత్రాలతో చేసిన పరీక్షల్లో తేలింది కూడా. కానీ అలవాటే అసలు కారణమైతే చెడ్డ బొమ్మ కూడా చూడగా చూడగా నచ్చాలి. బ్రిటన్‌లో ఆరన్ మెస్కిన్ బృందం ఈ మాటను పరీక్షించి 2013లో ఫలితం ప్రచురించింది. విమర్శకులు చవకబారువని తీసిపారేసే థామస్ కింకేడ్ చిత్రాలను, వాటితోపాటు పందొమ్మిదో శతాబ్దపు చిత్రకారుడు మిలే ప్రకృతి చిత్రాలను విద్యార్థులకు పాఠాల మధ్య చూపిస్తూ పోయారు. కింకేడ్ బొమ్మలు ఎక్కువసార్లు చూసినకొద్దీ వాటి మీద ఇష్టం తగ్గింది. మిలే చిత్రాల విషయంలో అలాంటి తగ్గుదల లేదు. ఒక్క ప్రయోగంతో అన్నీ తేలిపోవు. అయినా మళ్లీ మళ్లీ చూడడమంటే గుడ్డిగా అలవాటు పడడమే కాదనీ, అది నాసిదాన్ని పట్టిచ్చే తూకం కూడా కాగలదనీ ఇది చెబుతోంది.

రెండో ఆక్షేపణ ఇంతకన్నా బలమైనది. అమరావతి ఫలకాలను గాజు వెనక పెట్టి ఎదురుగా నిలబడి చూడమని ఎవరూ చెక్కలేదు. అవి స్తూపంలోనూ, దాని చుట్టూ రాతి కంచెలా ఉన్న వేదికలోనూ భాగాలు. భక్తులు ప్రదక్షిణ చేస్తూ, నడుస్తూ చూసినవి. నిలబడి చూడడమే సరైన చూపు అనడం మ్యూజియం అలవాటును పాతకాలం మీద రుద్దడం కాదా? ఇది కాదనలేని మాట. అయితే ప్రదక్షిణ చేసేవాడు ఒక్కసారి తిరిగి వెళ్లిపోయేవాడు కాదు. మళ్లీ మళ్లీ తిరిగేవాడు, మళ్లీ మళ్లీ వచ్చేవాడు. పైగా కథ అతనికి ముందే తెలుసు. ఇప్పుడు ఏం జరుగుతుంది, శిల్పి దాన్ని ఎలా చూపించాడు అన్న ప్రశ్న అతని నడకలోనే ఉండేది. చేర్యాల నకాశీ పటాల సంగతీ ఇదే. కథకులు పటాన్ని కొంచెం కొంచెంగా విప్పుతూ, ఒక్కో బొమ్మ దగ్గర ఆగి, పాడుతూ, కథ చెబుతూ ఉంటే ఊరి జనం రాత్రిళ్లు కూర్చుని చూసేవారు. ఒక్కో బొమ్మ మీద చూపు ఎంతసేపు నిలవాలో కథకుడి గొంతే తేల్చేది. అదే పటాన్ని మ్యూజియం గోడకు పొడవునా పరిచి కథకుణ్ణి తీసేస్తే, దాంతోపాటు చూడడానికి పట్టే సమయమూ పోతుంది. అలా పోయిన కథను, నడకను కొంతవరకైనా తిరిగి సంపాదించే పనిని ఈ రోజుల్లో నిదానపు చూపు చేస్తోంది.

ముందు చరిత్ర తెలియాలి, శైలి తెలియాలి, ఆ తర్వాతే చూపు అన్నది పండితుల వాదన. తెలియని కన్ను ఎంతసేపు చూసినా ఏం లాభమని వాళ్ల ప్రశ్న. చదువు అక్కర్లేదని ఎవరూ అనరు. నలగిరి కథ తెలియకపోతే ఆ ఫలకంలో సగం అర్థం కాదు. కానీ వరస ముఖ్యం. ముందు చీటీ చదివినవాడు చీటీలో ఉన్నదే వెతుకుతాడు. ముందు బొమ్మ చూసినవాడు రెండు ఏనుగులెందుకన్న ప్రశ్నతో చీటీ దగ్గరికి వెళ్తాడు, అప్పుడు ఆ నాలుగు వాక్యాలూ గుర్తుంటాయి. అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో మొదటి సంవత్సరం వైద్య విద్యార్థులకు అక్కడి బ్రిటిష్ ఆర్ట్ సెంటర్‌లో చిత్రాలను గమనించి వర్ణించే శిక్షణ ఇచ్చారు. ఆ శిక్షణ పొందినవాళ్లు తర్వాత రోగుల ఫొటోల్లోని లక్షణాలను మిగతావాళ్లకన్నా మెరుగ్గా గుర్తించారని 2001లో అమెరికన్ వైద్య సంఘం పత్రికలో ప్రచురించారు. వాళ్లకు కళాచరిత్ర నేర్పలేదు. తీర్మానానికి దూకకుండా ముందు కనబడినది కనబడినట్టు చెప్పడం నేర్పారు.

ఎక్కువసేపు చూస్తే లేనివి కూడా కనబడతాయన్న భయమూ ఉంది. మేఘంలో గుర్రం కనబడినట్టు, వెతికేవాడికి ఏ ముడతలోనైనా చెవి ఆకారం దొరుకుతుంది. రాబర్ట్స్ చెప్పినవన్నీ కోప్లీ ఉద్దేశించినవేనా అని అడగడం న్యాయమే. దీనికి జవాబు కూడా చూపులోనే ఉంది. కనబడిందన్నదాన్ని పక్కవాడికి వేలు పెట్టి చూపించగలగాలి, అతనికీ కనబడాలి, మిగతా శిల్పాలతో సరిపోవాలి. అమరావతి స్తూపం విషయంలో పండితులు చేసింది అదే. స్తూపం నామరూపాల్లేకుండా పోయింది. రాళ్లు కొన్ని సున్నపు బట్టీలకు పోయాయి, కొన్ని చెన్నైకి, లండన్‌కు చేరాయి. అయినా ఆ స్తూపం ఎలా ఉండేదో ఈరోజు చాలావరకు చెప్పగలుగుతున్నాం. గుమ్మటంలాంటి అండం కింది ఫలకాల మీద శిల్పులు స్తూపాన్నే చిన్నదిగా చెక్కారు. ద్వారాల దగ్గర సింహాలు, నాలుగు దిక్కులా అయిదేసి ఆయక స్తంభాలు, చుట్టూ వేదిక అందులో కనబడతాయి. ఒక ఫలకంలో కనబడినదాన్ని మరో ఫలకంతో సరిచూసుకుంటూ పోవడం వల్ల వచ్చిన జ్ఞానం ఇది. బ్రిటిష్ సర్వేయర్ కాలిన్ మెకంజీ మనుషులు 1816లో మొదలుపెట్టి ఆ శిల్పాలను చూసి గీసిన బొమ్మలు లేకపోతే, తర్వాత కనుమరుగైన కొన్ని రాళ్ల గురించి మనకు ఏమీ తెలిసేది కాదు. గీయాలంటే ప్రతి గీత దగ్గరా ఆగి, అది ఎటు పోతోందో తేల్చుకోక తప్పదు.

చివరి ఆక్షేపణ జేబుకూ తీరికకూ సంబంధించినది. ఇదంతా తీరిక ఉన్నవాళ్ల మాట. ఊరి నుంచి బస్సులో వచ్చి, టిక్కెట్టు కొని, పిల్లల్ని వెంటేసుకుని, సాయంత్రంలోగా చార్మినార్ కూడా చూడాల్సిన కుటుంబానికి ఒక శిల్పం ముందు పావుగంట గడపమని ఎలా చెబుతాం? చెప్పకూడదు కూడా. ఇక్కడ తప్పు సందర్శకుడిది కాదు, మ్యూజియానిది. బోస్టన్ మ్యూజియం కార్యదర్శి బెంజమిన్ ఐవ్స్ గిల్మన్ 1916లోనే ఈ సంగతి బయటపెట్టారు. పెట్టెల్లోని వస్తువుల గురించి కొన్ని ప్రశ్నలిచ్చి, జవాబు కోసం మనిషి ఎలా వంగాల్సి వస్తోందో, ఎలా మోకాళ్ల మీద కూర్చోవాల్సి వస్తోందో ఫొటోలు తీయించారు. అలసటకు కారణం కళ కాదనీ, దాన్ని పెట్టిన తీరనీ ఆ ఫొటోలు చూపించాయి. వందేళ్లు దాటినా మన మ్యూజియాల్లో చాలావాటికి ఈ మాట వర్తిస్తుంది. కూర్చునే చోటు ఉండదు. లైటు గాజు మీద మెరుస్తుంది. చీటీ మీద పేరు, శతాబ్దం, రాయి రకం తప్ప చూడడానికి పనికొచ్చే ఒక్క ప్రశ్న ఉండదు. వందలాది వస్తువులను ఒకదాని పక్కన ఒకటి పేర్చి అన్నీ చూసి వెళ్లమంటే, సందర్శకుడు ఏదీ చూడకుండా వెళ్లడమే సహజం. ఫోన్‌ను నిషేధించడం కూడా దీనికి మందు కాదు. మనస్తత్వ శాస్త్రవేత్త లిండా హెంకెల్ 2014లో ప్రచురించిన పరిశోధనలో వస్తువు మొత్తాన్ని ఫొటో తీసినవాళ్లకు అది తక్కువ గుర్తుంది. వస్తువులో ఒక భాగాన్ని దగ్గరగా పట్టి తీసినవాళ్లకు మాత్రం జ్ఞాపకం దెబ్బతినలేదు. ఒక భాగాన్ని ఎంచుకోవాలంటే ముందు చూడక తప్పదు కదా.

కాబట్టి తీర్పు ఇది. నిదానంగా చూడడం ఒక వ్రతమో ధ్యానమో కాదు, గడియారం పెట్టుకుని మొక్కుబడిగా తీర్చుకునేది అంతకన్నా కాదు. ప్రశ్న పట్టుకుని చూడడమే నిదానంగా చూడడం. సమయం ఆ ప్రశ్న వెంటే వస్తుంది. మన మ్యూజియాలు పెద్ద ఖర్చు లేకుండా చేయగలిగినవి మూడున్నాయి. గదికి ఒక్క కళాఖండాన్ని ఎంచి దాని ఎదురుగా బల్ల వెయ్యాలి. దాని చీటీలో వివరానికి ముందు తెలుగులో ఒక ప్రశ్న రాయాలి. బడిపిల్లలను గదులన్నీ తిప్పే బదులు ఒకే శిల్పం ముందు కూర్చోబెట్టి బొమ్మ గీయించాలి. సందర్శకులు చేయగలిగినది ఇంకా తేలిక. ఈసారి మ్యూజియానికి వెళ్లినప్పుడు అన్ని గదులూ తిరగండి, తప్పులేదు. కానీ ఒక్కదాని దగ్గరికి మాత్రం తిరిగి వచ్చి, చీటీ చదవకముందు, ఇందులో ఎవరు ఎటు చూస్తున్నారో పక్కనున్న పిల్లల్ని అడగండి.